లావు అక్షరం గురించి రాస్తున్న తమ్ముడికి

మైలాపూర్, చెన్నై

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం నిన్న మధ్యాహ్నం చదివాను. లావుపాటి స్లాబ్ సెరిఫ్ అక్షరాల మీద తెలుగులో రాయాలని నీకు తోచింది, సంతోషం. కానీ మొదటి పేజీలోనే ‘ధీరగంభీరం’, ‘రాజసం’, ‘కండలు తిరిగిన’, ‘నిర్భయం’ అని నాలుగు విశేషణాలు తగిలాయి. వాటిని తీసేస్తే ఆ అక్షరం ఎలా ఉంటుందో చదివేవాడికి తెలుస్తుందా? ఉంచినా తెలియదు. అదీ గొడవ.

ముందు ఆకారం చెప్పు. మన ఇళ్లలో స్లాబ్ అంటే నెత్తిమీద పోసేది. ఈ ఇంగ్లీషు అక్షరాల్లో అది నెత్తిమీదా కాళ్ల కిందా కూడా ఉంటుంది. నిలువు గీత చివర అడ్డంగా ఒక మందపాటి పట్టీ. పుస్తకాల్లో వాడే అక్షరాలకూ కొసలుంటాయి గానీ అవి వంపు తిరిగి సన్నబడతాయి. ఇక్కడ పట్టీ కూడా ఇంచుమించు నిలువు గీతంత లావు. సన్న గీతలు పెద్దగా లేవు కాబట్టే దూరం నుంచి చూసినా ఏ ముక్కా మాయం కాదు. బొదోనీ అనే పాత టైపు తరహా అక్షరాల్ని రోడ్డు అవతలి నుంచి చూడు. లావు గీతలు మిగులుతాయి, వెంట్రుకల్లాంటి గీతలు ఎగిరిపోతాయి. ‘నిర్భయం’ అన్న మాట కన్నా ఈ పోలిక ఎక్కువ చెబుతుంది.

ఇంకోటి. సెరిఫ్‌ను, అంటే ఈ కొసను, తలకట్టు అని తెనిగించావు. వద్దు. తలకట్టు తీసి గుడి పెడితే ‘క’ కాస్తా ‘కి’ అవుతుంది. కొసలు తీసేసినా ఇంగ్లీషు ‘హెచ్’ హెచ్‌గానే ఉంటుంది. మనది పలుకు, వాళ్లది చెప్పుల జత.

చరిత్ర దగ్గర కంగారు పడ్డావు. ‘ఈజిప్షియన్’ అనే పేరు చూసి వీటిని నైలు ఒడ్డున పుట్టించావు. పుట్టింది లండన్‌లో. 1815 ప్రాంతంలో విన్సెంట్ ఫిగ్గిన్స్ తన టైపు ఫౌండ్రీ (అచ్చు అక్షరాలు పోత పోసే కార్ఖానా) నమూనాల్లో ‘ఆంటీక్’ పేరుతో చూపించాడు. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి వెళ్లాక ఐరోపాకు ఆ దేశం మోజు పట్టుకుంది, ‘ఈజిప్షియన్’ అనే పేరు అలా అంటుకుంది. అవి కరపత్రాలూ గోడ పత్రాలూ ఒకదాన్ని మించి ఒకటి అరవాల్సిన రోజులు. పుస్తకం కోసం చెక్కిన అక్షరం గోడ మీద ఆ పని చేయలేదు. మరీ పెద్ద సైజుల్లో సీసపు అక్షరాల బరువూ ఖర్చూ భరించలేనివి. అమెరికాలో డేరియస్ వెల్స్ 1827లో చెక్క అక్షరాలు కోసే యంత్రం తయారుచేశాక వాల్ పోస్టర్ల సైజు పెరిగిపోయింది. 1845లో రాబర్ట్ బెస్లీ ఫౌండ్రీ నుంచి క్లారెండన్ అనే స్లాబ్ సెరిఫ్ టైపు వచ్చింది. దానికి మూడేళ్ల హక్కు దొరికింది. గడువు తీరగానే తక్కిన ఫౌండ్రీలన్నీ దానికి నకళ్లు పోత పోశాయి. నిఘంటువులో అర్థాల మధ్య అసలు మాట లావుగా కనపడుతుందే, ఆ పనికి క్లారెండన్‌ను తెగ వాడారు. ఈ ముక్క నీ వ్యాసంలో లేదు, చేర్చు.

ఉపయోగాల జాబితా మాత్రం కొట్టేశాను. లోగోలు, ప్యాకెట్లు, పోస్టర్లు అని వరసపెడితే చదివేవాడు ఆవులిస్తాడు. ఎక్కడ వాడకూడదో చెబితే కూర్చుంటాడు. నా సంగతే చెబుతాను. మా చెల్లెలి పెళ్లికి శుభలేఖలు వేయించడానికి ఇక్కడి ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధికి వెళ్లాను. అప్పట్లో నాకు ఈ అక్షరాల పిచ్చి. ఇంగ్లీషు వైపు మొత్తం, ముహూర్తం నుంచి ‘బంధుమిత్రుల అభినందనలతో’ దాకా, వీటితోనే వేయమన్నాను. నెల్లూరు నుంచి వచ్చిన ముసలి కంపోజిటర్ ప్రూఫ్ చేతిలో పెట్టి, “పెళ్లా బాబూ, వేలం పాటా?” అన్నాడు. నిజంగానే అలా ఉంది. వధూవరుల పేర్లు మాత్రం ఉంచి తక్కినదంతా సన్నటి అక్షరాలకు మార్పించాను. మూడు నాలుగు మాటలుంటే ఈ అక్షరం పిలుస్తుంది. పేరా మొత్తం దీంతో వేస్తే, పక్కింట్లో పొద్దస్తమానం మోగే మైకే. చిన్న సైజులో అక్షరం లోపలి ఖాళీలు సిరాతో పూడుకుపోయే బాధ సరేసరి.

తెలుగులో ఆ బాధ రెట్టింపు. మన గుండ్రాల లోపల ఖాళీ ముందే తక్కువ. ‘ఘ’నో ‘ష’నో అదే లావుకు తెస్తే కన్ను మూసుకుంటుంది, వత్తులు కింది వరస నెత్తిన కూర్చుంటాయి. రామభద్ర లాంటి లావు ఫాంటు హెడ్డింగులకు బాగుంటుంది, పక్కన స్లాబ్ సెరిఫ్ ఇంగ్లీషు పెడితే వరసల మధ్య ఎడం పెంచాలి. మన ఊళ్లో ఒకే బోర్డు మీద తమిళం, ఇంగ్లీషు, అప్పుడప్పుడు తెలుగు. ఈ తగువు చూడాలంటే పుస్తకం అక్కర్లేదు.

టైపు మిషను అక్షరాలకూ ఈ పట్టీలే అని రాశావు, ఎందుకో రాయలేదు. అక్కడ ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు. బక్క ‘ఐ’ ఆ గడి నింపాలంటే కాళ్లు బారజాపాలి. అక్కడ పట్టీ అరవడానికి కాదు, జాగా నింపడానికి.

కాగితాలు తిరిగి పంపుతున్నాను. పెన్సిల్ గీతలు పెట్టినవి కొట్టేయాల్సినవి. చివరి పేజీలో ఒక్క వాక్యం కింద ఎర్ర సిరా గీత ఉంటుంది: “29సీ బస్సు కదిలాక కూడా నేను చదవగలిగిన బోర్డు అదొక్కటే.” దాన్ని మొదటికి తెచ్చి, మళ్లీ రాసి పంపు.

మీ అన్నయ్య