బడి ఉన్న రోజే బాబుకు కడుపునొప్పి

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా బాబుకు పన్నెండేళ్లు. నిరుటి వరకు సరిహద్దు అవతల పాతపట్నంలో తెలుగు మీడియం చదివాడు. ఈ ఏడాది ఇక్కడి ఒడియా మీడియం బడిలో చేర్పించాం. రెండు నెలలుగా పొద్దున లేస్తూనే బొడ్డు చుట్టూ నొప్పి అంటున్నాడు. ఆదివారం మాత్రం రాదు. రక్తపరీక్షలు, స్కానింగ్ అన్నీ మామూలుగానే వచ్చాయి. గ్యాస్ సిరప్ తాగిస్తున్నాం. తరగతిలో నలుగురు వాడి ఒడియాను వెక్కిరిస్తూ రోజూ ఏడిపిస్తున్నారని ఈమధ్యే తెలిసింది. వాళ్ల నాన్న తిరిగి కొట్టి రమ్మంటున్నారు. ఏం చేయాలి? సిరప్ కొనసాగించాలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ బాబుకు వచ్చేది నిజమైన నొప్పి. బడి ఎగ్గొట్టడానికి నాటకమాడుతున్నాడని ఇంట్లో ఎవరైనా అంటుంటే ఈరోజే మాన్పించండి. మెదడుకూ పేగులకూ మధ్య నరాల ద్వారా ఎడతెగని రాకపోకలుంటాయి. భయం పట్టుకున్నప్పుడు పేగుల కదలిక మారుతుంది. మామూలుగా మనకు తెలియని చిన్న కదలిక కూడా అప్పుడు నొప్పిగా తెలుస్తుంది. ఇది స్కానింగ్‌లో కనిపించదు. అయితే నొప్పి నిద్రలోంచి లేపుతున్నా, బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం, జ్వరం, ఆగని వాంతులు కనిపించినా ఆలస్యం చేయకుండా మళ్లీ పిల్లల డాక్టరుకు చూపించండి.

‘పిల్లలన్నాక ఆటపట్టించుకోరా’ అని మీతో చాలామంది అంటారు. ఆటలో వంతులు మారుతాయి, ఇవాళ నీది, రేపు నాది. మీ బాబు విషయంలో వంతు మారడమే లేదు. నార్వే మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ 1970ల నుంచి బడిపిల్లల మధ్య వేధింపులపై పరిశోధించి మూడు గుర్తులు చెప్పారు. కావాలని బాధపెట్టడం, మళ్లీ మళ్లీ చేయడం, బలంలో తేడా ఉండడం. అక్కడ నలుగురు, ఇక్కడ ఒక్కడు. పైగా ఆ భాష వాళ్లకు పుట్టినప్పటి నుంచీ ఉన్నది, మీవాడికి కొత్త.

ఇలాంటి బాబు ఒకడు నా దగ్గరకు వచ్చాడు. ‘నిన్ను ఏమని పిలుస్తారు?’ అని అడిగితే చాలాసేపు పలకలేదు. చివరికి ‘ఘర’ అన్నాడు. ఒడియాలో ఇంటిని రాసేటప్పుడు ‘ఘర’ అనే రాస్తారు కానీ ‘ఘొరొ’ అని పలుకుతారు. తెలుగు నోటికి అకారం అకారంగానే వస్తుంది. ఒక రోజు పాఠం చదువుతూ అలా పలికినందుకు ఆ మాటే వాడికి పేరైపోయింది. నాకు చెబుతున్నంతసేపూ చొక్కా కింది గుండీని తిప్పుతూనే ఉన్నాడు. ఇల్లు అనే మాట ఒక పిల్లవాడికి తిట్టుగా మారడం నేను మరచిపోలేను.

మీ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు, సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తానే సవర నేర్చుకున్నారు. ఈ సంగతి మీ బాబుకు చెప్పండి. వీలైతే వాళ్ల మాస్టారికీ గుర్తుచేయండి.

తండ్రిగారి కోపం నాకు అర్థమవుతుంది. కానీ నలుగురి మీదికి ఒక్కణ్ణి పంపుతున్నారు. కొడితే తప్పు వాడిదవుతుంది. కొట్టలేకపోతే బడిలోనే కాక ఇంట్లోనూ ఓడిపోయినట్టవుతుంది, ఆ తర్వాత మీకేదీ చెప్పడు. నాకు ఈ రెండోదే ఎక్కువ భయం. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేయకండి. చిక్కుడుకాయలు ఒలుస్తూనో, బజారుకు నడుస్తూనో మాట కదపండి. ‘చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేమీ లేదు, నీతో అనకుండా నేను బడికి రాను’ అనండి. ఈ చివరి మాట తప్పకండి. అమ్మ వచ్చి గొడవ చేస్తే రేపు ఇంకా ఎక్కువ ఏడిపిస్తారన్న భయంతోనే చాలామంది పిల్లలు నోరు విప్పరు.

వాడు సరేనన్నాక ఒక నోటుపుస్తకంలో తేదీ, చోటు, అన్న మాట, చూసినవాళ్లు ఎవరో రాసుకుని క్లాస్ టీచర్‌ను విడిగా కలవండి. అయిదుగురినీ ఒకచోట నిలబెట్టి చేతులు కలిపించే రాజీ వద్దని చెప్పండి. సమానుల తగాదాకు రాజీ పనికొస్తుంది, ఇది అలాంటిది కాదు. అన్నం గంటలో, బడి వదిలే వేళ ఎవరు కనిపెట్టి ఉంటారో అడగండి. పక్కన కూర్చునే మంచి పిల్లవాడు ఒక్కడున్నా చాలా తేడా వస్తుంది. నవ్వేవాళ్లు లేకపోతే వెక్కిరించడంలో సరదా ఉండదు. ఒకవేళ మాస్టారే యాసను ఎగతాళి చేస్తుంటే, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలను మానసికంగా వేధించడాన్ని నిషేధించిందని హెడ్‌మాస్టరుకు రాసి ఇవ్వండి.

బడి మాన్పించకండి. ఇంట్లో గడిచే ప్రతి వారంతో తిరిగి వెళ్లడం కష్టమవుతుంది. ఎవరితోనూ కలవకపోవడం, నిద్రపోకపోవడం, ‘నేను లేకపోతే బాగుండు’ అనడం వంటివి కనిపిస్తే మాత్రం ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మనోవైద్య విభాగం ఉంది.

సిరప్ సంగతి. రెండు నెలలు తాగినా గుణం లేదు కాబట్టి, రాసిచ్చిన డాక్టరుకు ఒక మాట చెప్పి ఆపేయండి. నొప్పి వచ్చిన పొద్దున వేడినీళ్ల సంచి కడుపు మీద పెట్టి, పది నిమిషాలు పక్కన కూర్చోండి. తర్వాత మీరే బడి గేటు దాకా వెళ్లి దింపి రండి.