కోళ్ల కాపలాకు కుక్కపిల్ల

పాకాల

చిరంజీవి మునిరాజకు పెదనాయన ఆశీస్సులు.

నీ మామిడితోటలో నాటుకోళ్లను నక్కలూ అడవిపిల్లులూ మిగలనివ్వడం లేదని, కాపలాకు కుక్కపిల్లను తేవాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. తెచ్చే ముందు ఇది చదువు.

పిల్ల అందం చూడకు, దాని తల్లిని చూడు. రాజపాళయం కుక్క చూడముచ్చటగా ఉంటుంది గానీ అది వేటజాతి, పరుగెత్తేదాన్ని తరమకుండా ఉండలేదు. హిమాలయాల్లో మందలు కాచే బొచ్చుకుక్కలు మన ఎండలకు తాళలేవు. పలమనేరు వైపు గొర్రెల కాపరులనడిగి, మందతో తిరిగే కుక్క ఈనిన పిల్లను తెచ్చుకో. 8 వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండాలి. తోబుట్టువులతో పెనుగులాడుతూనే పన్ను ఎంత మెల్లగా ఆనించాలో అది నేర్చుకుంటుంది.

గొర్రెల మధ్య పెరిగిన కుక్కకు గొర్రెలు తనవాళ్లవుతాయి, కోళ్లు అంత సులభంగా కావు. తుంటరి కుక్కను పొట్టేలు ఒక్క కుమ్ము కుమ్మి కూర్చోబెడుతుంది. కోడి రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తి దాన్ని ఆటకు పిలుస్తుంది. (పిల్లలకోడి మాత్రం పొడిచి బుద్ధి చెబుతుంది, కానీ కుక్క కన్ను పోయే ప్రమాదముంది.) కాబట్టి మొదటి నెలల్లో వాటి మధ్య తడిక ఉండాలి. పొద్దున గింజలు చల్లేటప్పుడు పిల్ల మెడకు తాడు కట్టి పక్కన కూర్చోబెట్టుకో. తోక ఊపడం ఆపి, తల వంచి, ఒకే కోడి మీద చూపు నిలిపి, ముందుకాలు గాలిలో ఆపిందంటే మరుక్షణం దూకుతుంది. ఆ చూపు దగ్గరే ‘వద్దు’ అని పక్కకు తిప్పాలి తప్ప దూకాక అరిచి లాభం లేదు. అదే కోళ్లను చూసి ఆవలించి పడుకుంటే, మెల్లగా నిమిరి చిటికెడు రాగిసంగటి పెట్టు.

ఆరు నెలలకే బుద్ధిమంతురాలైందని నమ్మకు. అసలు గండం ఎనిమిదో నెల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుంది. పది నెలల కుక్కను కోళ్లలో వదిలి, నేను పాలు పోసి వచ్చేసరికి ఏడు పెట్టలు చచ్చిపడి ఉన్నాయి. ఒక్కదాని మీదా పంటిగాటు కనబడలేదు. ఈకలు మాత్రం చొంగతో తడిసి అతుక్కుపోయి ఉన్నాయి. అది ఆడుకుందంతే. ఊళ్లో ఎవరో చెప్పారని చచ్చిన పెట్టను దాని మెడకు కట్టి మూడు రోజులు తిప్పాను. కంపు భరించిందే గానీ అది నేర్చుకున్నదేమీ లేదు, పైగా నన్ను చూస్తే నక్కడం మొదలుపెట్టింది. నువ్వా పని చేయకు. రెండేళ్లు నిండేదాకా నువ్వు లేనప్పుడు, కోళ్లు కనబడే చోట దడి కట్టి అందులో ఉంచు. రోజంతా గొలుసున ఉన్న కుక్కకు కసి పెరుగుతుంది.

పచ్చి కోడిపేగులు పెట్టకు, కోడిని దాని కళ్లముందు కోయకు. దాని గిన్నె కోళ్లు రాని చోట ఉండాలి. తన తిండిలో ముక్కు పెట్టిన కోడిని కరిస్తే తప్పు నీదే. చచ్చిన కోడిని లోతుగా పూడ్చి సున్నం చల్లు, లేకపోతే కొక్కెర తెగులుతో పోయినదాన్ని కుక్క తవ్వి దొడ్డంతా ఈడుస్తుంది. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, ఆపైన డాక్టరు చెప్పిన గడువుకు తప్పక వేయిస్తూ ఉండు. తిరుపతి పశువైద్య కళాశాల నీకు దగ్గరే కదా.

నా దగ్గర పాత తడికలు రెండున్నాయి, ఈ వారం పాలబండిలో పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాయన