స్పేసర్లు బిగించేముందు నట్టు చుట్లు లెక్కపెట్టు

అల్లుడూ,

నీ స్విఫ్ట్‌కి వీల్ స్పేసర్లు, అంటే చక్రం బయటికి జరగడానికి దాని వెనక పెట్టే లోహపు బిళ్ళలు, తెప్పించావనీ, ఆదివారం ఇంటి ముందే నీ చేత్తో బిగిస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వెనక చక్రాలకు 20 మి.మీ.వి కొన్నావట. ముందువాటికి షాపువాడు 5 మి.మీ. ప్లేట్లు ఊరికే ఇచ్చాడట. మెకానిక్ దగ్గరికి పరిగెత్తకుండా నువ్వే పానా పట్టుకుంటున్నందుకు గర్వంగానే ఉంది. భయమంతా ఆ ఊరికే వచ్చిన ప్లేట్లతోనే.

జాకీ గట్టి నేల మీద వెయ్యి, ఎదురు చక్రానికి రాయి అడ్డం పెట్టు, స్టాండు లేకుండా కారు కింద చెయ్యి పెట్టకు. ఇవి నీకు తెలిసినవే.

ఇప్పుడు ఆ ప్లేట్ల సంగతి. లావుగా ఉన్న 20 మి.మీ. స్పేసరే ప్రమాదమని, పలచటి ప్లేటు ఏం చేస్తుందిలే అని అందరూ అనుకుంటారు. ఈ పనిలో ఎప్పటినుంచో జరుగుతున్న తప్పు ఇదే. 20 మి.మీ.ది హబ్బుకు, అంటే చక్రం బిగించే ఇరుసు ముఖానికి, తన నట్లతో బిగుసుకుని, రిమ్ముకోసం సొంత స్టడ్లు (నట్టు ఎక్కే మరచుట్ల కడ్డీలు) ఇస్తుంది. ప్లేటుకు అవేం లేవు. మధ్యలో దూరి, కారు స్టడ్ల పొడవును తినేస్తుంది, అంతే.

కారు బరువును స్టడ్లు నేరుగా మొయ్యవు. నట్టు బిగిస్తే స్టడ్డు రవ్వంత సాగి, రిమ్మును హబ్బుకేసి నొక్కిపడుతుంది. ఆ నొక్కుడువల్ల పుట్టే రాపిడే బరువునీ బ్రేకునీ తట్టుకుంటుంది. పట్టు సడలిందా, రిమ్ము కొద్దికొద్దిగా జరగడం మొదలవుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ స్టడ్డు అటూ ఇటూ వంగి, చివరికి తెగుతుంది. ఒకటి తెగితే మిగతా మూడింటి మీద భారం పడుతుంది, అవీ ఎక్కువ సేపు ఆగవు.

నీ కారు స్టడ్డు 12 మి.మీ. మందం, థ్రెడ్డు (మరచుట్లు) 1.25 పిచ్. నట్టు ఒక చుట్టు తిరిగితే 1.25 మి.మీ. లోపలికి పోతుంది. స్టడ్డు మందమెంతో కనీసం అంత మేర థ్రెడ్డు పట్టాలి. అంటే దాదాపు 10 చుట్లు. 5 మి.మీ. ప్లేటు పెడితే 4 చుట్లు పోయినట్టే. పెట్టిన బిగువు (టార్కు) రాగానే టక్కుమనే టార్క్ రెంచ్ కూడా ఇక్కడ నిన్ను కాపాడదు. ఆరు చుట్లే పట్టిన నట్టు దగ్గరా అది టక్కుమంటుంది, నువ్వు నిశ్చింతగా తాళం చెవి తీసుకుని బయల్దేరతావు. నట్టు బయటి కొస మూసి ఉంటే స్టడ్డు ఎంత ఎక్కిందో కంటికీ కనపడదు. అందుకే ప్లేటు పెట్టి, రిమ్ము ఎక్కించి, నట్టును వేళ్ళతోనే తిప్పుతూ రిమ్ముకు ఆనేదాకా చుట్లు లెక్కపెట్టు. పదికి తగ్గితే ప్లేటు తీసెయ్. అది ఉండి తీరాలంటే పొడవు స్టడ్లు వేయించాలి. వాటి వెనక పళ్ళున్న భాగం పాతదాని కొలతే ఉండాలి, లేకపోతే హబ్బులోనే గిర్రున తిరుగుతాయి. రెండు ప్లేట్లు కలిపి వేస్తానని మాత్రం అనకు, ఊరుకోను.

ఇంకోటి చూడు. హబ్బు మధ్యలో పొడుచుకొచ్చిన గుండ్రటి అంచు రిమ్ము బొక్కలో దూరితే చక్రం సరిగ్గా మధ్యకు కూర్చుంటుంది. మీ కారుకు అది 54.1 మి.మీ. ప్లేటు ఆ అంచును మింగేస్తే వేగం పెరిగాక స్టీరింగ్ వణకొచ్చు, ఆ వణుకు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. 20 మి.మీ. స్పేసరుకైతే లోపలి బొక్కా, బయటి అంచూ రెండూ కొలిచి చూసుకో.

వెనక చక్రాలు విప్పాక డ్రమ్ము ముఖం మీద తుప్పును వైర్ బ్రష్‌తో పూర్తిగా గోకెయ్యి. తుప్పు పొర మీద బిగిస్తే అది రాలిన కొద్దీ పట్టు వదులవుతుంది. స్టడ్లకు గ్రీజు రాయకు, అదే టార్కుకు నట్టు మితిమీరి బిగుసుకుంటుంది. స్పేసరు దాటి కారు స్టడ్డు కొస బయటికొస్తే రిమ్ము వెనక దానికి సరిపడా గుంట ఉండాలి. లేకపోతే రిమ్ము స్టడ్డు కొస మీద ఆనుతుంది, స్పేసరుకు ఆనదు. స్టడ్లు కోసేద్దామని ఎవరైనా అంటే వినకు, రేపు స్పేసర్లు తీసేస్తే చక్రం బిగించడానికి థ్రెడ్డు మిగలదు. స్పేసరు మీది స్టడ్లు 1.5 పిచ్ అయితే మీ నట్టు రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. నట్లు బిగించే గన్నుతో తోస్తే రెండూ పాడవుతాయి.

మాన్యువల్లో ఉన్న టార్కు ఎంతో అంతే పెట్టు, చిన్న కార్లకు సాధారణంగా 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. సగం మేర ఒకసారి, పూర్తిగా మరోసారి, ఎదురెదురు నట్లు. అసలు మరిచిపోయేది ఆ తర్వాత. 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు మళ్ళీ బిగించాలని అందరికీ తెలుసు, కానీ బయటి నట్లే చూస్తారు. స్పేసరును హబ్బుకు పట్టిన నట్లు లోపలున్నాయి, చక్రం విప్పితేగాని అందవు. విప్పు. ఆ వంద కిలోమీటర్లు మెహిదీపట్నం, గచ్చిబౌలి చుట్టూ తిరిగి పూర్తిచెయ్, ఔటర్ ఎక్కకు. అనంతగిరి కొండలు ఆ తర్వాతి వారం చూడొచ్చు. దారిలో లయగా టక్‌టక్ వినిపించినా, నట్ల చుట్టూ నల్లటి పొడి కనపడినా, ఇంకో కిలోమీటరే కదా అనుకోక అక్కడే ఆపు.

కోప్పడుతున్నానని అలగకు. చిన్నప్పుడు విప్పిన సైకిలు నట్లను ఒక్కటి పోకుండా గిన్నెలో దాచినవాడివి, ఆ శ్రద్ధ నీకుందనే ఇంత రాస్తున్నాను.

నన్నడిగితే స్పేసరు అక్కర్లేదు. ఇటి (ET) అంటే రిమ్ము వెడల్పు మధ్య గీత నుంచి హబ్బుకు ఆనే ముఖం దాకా ఉన్న దూరం, మి.మీ.లలో; అది తగ్గితే చక్రం బయటికొస్తుంది. ఇటి 45 రిమ్ముకు 20 మి.మీ. పెడితే అది ఇటి 25 అవుతుంది, బేరింగు మీద భారం పెరుగుతుంది, నలుగురు ఎక్కి డిక్కీ నింపితే టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. అదే చూపు కావాలంటే కాస్త తక్కువ ఇటి ఉన్న రిమ్ములు కొనుక్కో, మధ్యలో ఇంకో అతుకు ఉండదు. అదీ హద్దులోనే. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 182ఏ కింద అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి. ఇన్సూరెన్సువాడూ క్లెయిమ్ దగ్గర ఇదే పట్టుకుంటాడు.

అయినా వేస్తానంటే, స్టెప్నీని ఆ స్పేసరు మీద ఇంటి దగ్గరే ఒకసారి ఎక్కించి చూడు.  నా టార్క్ రెంచ్ శనివారం వచ్చి తీసుకెళ్ళు.

మీ మామయ్య