బ్యాలే కంపెనీలో రాత్రి ప్రదర్శన, పొద్దున బడి: రెండూ ఒకే ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. 9 ఏళ్లుగా బ్యాలే నేర్చుకుంటోంది. ఈమధ్య ఒక కాంటెంపరరీ బ్యాలే కంపెనీ టూరులో భాగంగా వచ్చి ప్రదర్శన ఇచ్చింది. మర్నాడు ఆ డాన్సర్లే బడికి వచ్చి పిల్లలతో అడుగులు వేయించారు. అప్పట్నుంచి అలాంటి కంపెనీలోనే చేరతానంటోంది. అందులో బతుకుతెరువు ఉందా? ఇప్పట్నుంచే ఏం చేయాలి? – ఒక తల్లి

జవాబు: ఉందమ్మా, కానీ దారి ఇరుకు. మీ అమ్మాయి ప్రదర్శనతో పాటు బడి కార్యక్రమం కూడా చూడటం మంచిదైంది. పెద్ద క్లాసికల్ కంపెనీల్లో డాన్సర్లు పదుల సంఖ్యలో ఉంటారు, బడుల కార్యక్రమాలకు విడిగా ఒక విభాగమే ఉంటుంది. టూర్లు తిరిగే కాంటెంపరరీ కంపెనీల్లో చాలావాటికి 10 నుంచి 20 మందే. రాత్రి స్టేజీ మీద ఆడినవాళ్లే పొద్దున పిల్లల ముందు నిలబడాలి. ఇదేదో అదనపు సేవ అనుకోకండి. న్యూయార్క్‌లోని బ్యాలే కంపెనీ డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్‌నే చూడండి. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత బ్యాలే డాన్సర్ ఆర్థర్ మిచెల్ అక్కడి హార్లెమ్ పేట పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది కారెల్ షుక్‌తో కలిసి ఆయన స్థాపించిన ఆ సంస్థలో బడి, కంపెనీ కలిసే పెరిగాయి.

ముందు టూరు రోజు ఎలా ఉంటుందో మీ అమ్మాయికి తెలియాలి. పొద్దున్నే సాంకేతిక సిబ్బంది మార్లీ పరుస్తారు. స్టేజీ మీద వేసే వినైల్ ఫ్లోరును డాన్సర్లు పిలిచే పేరు అది. 10 మీటర్ల లోతున్న స్టేజీకి 2 మీటర్ల వెడల్పు చుట్టలు 5 పడతాయి. చలికి బిగుసుకున్న వినైల్‌ను కాసేపు వదిలెయ్యకుండా వెంటనే టేపు వేస్తే, లైట్ల వేడికి అది సాగి, అతుకుల దగ్గర ఉబ్బుతుంది. పాయింట్ షూ (వేళ్ల కొసల మీద నిలబడేందుకు వేసుకునే గట్టి మొన షూ) మొన అక్కడ తగిలితే చీలమండ మడతపడినట్టే. మార్లీ కింద స్ప్రింగు ఫ్లోరు లేకుండా సిమెంటు ఉంటే దూకిన ప్రతిసారీ అదురంతా మోకాలి కింది ఎముకకే. అందుకే స్టేజీ కొలతలు, ఫ్లోరు రకం, పక్క లైట్ల స్తంభాలు అన్నీ రాసిన టెక్నికల్ రైడర్‌ను కంపెనీ థియేటర్‌కు నెలల ముందే పంపుతుంది.

డాన్సర్లకు గంటన్నర వరకు క్లాసు, తర్వాత స్పేసింగ్ రిహార్సల్. స్టూడియోలో 14 మీటర్ల వెడల్పులో కూర్చిన నృత్యాన్ని 11 మీటర్లలో ఇమడ్చాలి. స్టేజీ అంచున టేపుతో పెట్టిన మధ్య గుర్తు, పావు గుర్తులే ఆధారం. స్టేజీ ముందుకు వాలి ఉంటే తిరిగేటప్పుడు తెలియకుండానే ప్రేక్షకుల వైపు జారిపోతారు. ఆ తర్వాత లైట్లు, సంగీతంతో సరిచూసుకునే టెక్ రిహార్సల్, కాస్త విశ్రాంతి, మేకప్, ప్రదర్శన. సామాను లారీ ఎక్కేసరికి అర్ధరాత్రి. పొద్దున తొమ్మిదింటికి బడి.

బడిలో సాధారణంగా జరిగేది లెక్చర్ డెమో. 45 నిమిషాలు, ఇద్దరి నుంచి ఆరుగురి దాకా డాన్సర్లు. ప్లీయే (మోకాళ్లు వంచడం), టాండ్యూ (పాదాన్ని నేల మీద చాపడం) లాంటి నాలుగైదు అడుగులు, పాయింట్ షూను చేతికిచ్చి చూపించడం, ఒక చిన్న నృత్యభాగం, పిల్లల చేత చేయించడం, చివర ప్రశ్నలు. ఈ కార్యక్రమం దెబ్బతినేది ఎక్కువగా మాటలు ఎక్కువైనప్పుడే. 5 నిమిషాలకు మించి ఉపన్యాసం సాగితే వెనక వరస చేజారుతుంది. రెండో తప్పు ఫ్లోరు చూడకుండా కార్యక్రమం నిర్ణయించడం. దుమ్ము పట్టిన జిమ్ ఫ్లోరు మీద పాయింట్ పనీ, పెద్ద గెంతులూ పెట్టుకోకూడదు. పిల్లలు సాక్సులతో జారతారు కాబట్టి వట్టికాళ్లతోనే చేయించాలి. పిల్లలతో ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు, అడగకుండా ముట్టుకుని సరిదిద్దకూడదు, అనుమతి లేకుండా ఫొటోలు తీయకూడదు. చాలా చోట్ల నేర చరిత్ర తనిఖీ కూడా తప్పనిసరి.

పెద్దవాళ్లతో చేసే పని ఇంకా సూక్ష్మమైనది. మార్క్ మోరిస్ డాన్స్ గ్రూప్ అనే అమెరికా కంపెనీ 2001లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పార్కిన్సన్స్ (వణుకు పుట్టించి కదలికలను నెమ్మదింపజేసే జబ్బు) ఉన్నవారి కోసం క్లాసులు మొదలుపెట్టింది. ఇప్పుడు అలాంటి క్లాసులు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. క్లాసు కుర్చీల్లో కూర్చునే మొదలవుతుంది, తర్వాతే బార్ (ఆసరాకు పట్టుకునే కమ్మీ) పట్టుకుని నిలబడటం. పడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి పక్కన సహాయకులు ఉండాలి. ఇది చికిత్స కాదు, డాన్సు క్లాసే. ఆ తేడా తెలిసిన డాన్సర్ ఆ మనుషులను రోగులుగా కాక తోటి డాన్సర్లుగా చూస్తుంది. నా దృష్టిలో ఈ వృత్తిలో అందమైన భాగం ఇదే.

ఇక ఆడిషన్. మొదట వీడియో అడుగుతారు: బార్ పట్టుకుని చేసేవి, బార్ లేకుండా మధ్యలో చేసేవి (సెంటర్), పాయింట్ షూలతో చేసేవి, ఒక కాంటెంపరరీ సోలో. కెమెరా కదలకుండా, తల నుంచి పాదాల దాకా కనిపించేలా, మధ్యలో కత్తిరించకుండా తీయాలి. మెరుపుల దుస్తులు వద్దు, శరీర రేఖ కనిపిస్తే చాలు. క్లాసికల్ పునాది ఎంత గట్టిగా ఉన్నా, నేల మీద దొర్లే పని, అక్షం తప్పించి బరువు మార్చడం, ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు కదలికలు అల్లడం) రాకపోతే కాంటెంపరరీ కంపెనీలో వెనకబడుతుంది. 9 ఏళ్లూ బ్యాలే ఒక్కటే చేసి ఉంటే వచ్చే ఏడాది వారానికి కనీసం 3 క్లాసులు వీటికి ఇవ్వండి. నేరుగా కంపెనీలోకి తీసుకోవడం అరుదు. ట్రైనీ, అప్రెంటిస్ మెట్లు దాటాలి, కొన్నిచోట్ల ట్రైనీలు జీతం అందుకోరు సరికదా ఫీజు కట్టాలి. ఆ సంగతి ముందే తేల్చుకోండి.

ఒప్పందం చేతికొచ్చినప్పుడు జీతం అంకె ఒక్కటే చూడకండి. అమెరికాలో చాలా కంపెనీలు ఏడాది పొడవునా కాకుండా సుమారు 30 నుంచి 40 వారాలకే జీతమిస్తాయి. మిగతా వారాల సంగతి అడగండి. టూరులో రోజు భత్యం ఎంత, పాయింట్ షూలు ఎవరు కొంటారు (బరువైన ప్రదర్శన ఒక్కదానికే జత అరిగిపోవచ్చు), గాయపడితే జీతం ఆగుతుందా, బడి కార్యక్రమం పని గంటల్లో లెక్కేనా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. రాత్రి ప్రదర్శనకూ ఉదయం బడికీ మధ్య ఎన్ని గంటల విశ్రాంతో కాగితం మీద లేకపోతే, సీజను చివరికి ఒళ్లు మాట వినదు.

తల్లిగా మీరు కనిపెట్టాల్సినవి రెండు. పాదం మధ్య పైభాగంలో, రెండో వేలి ఎముక మొదట్లో తగ్గని నొప్పి వస్తే అది స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు. బ్యాలే డాన్సర్లలో పేరుపడ్డ గాయం అది. నెలసరి 3 నెలలు ఆగితే పని ఒత్తిడి అని వదిలెయ్యకండి. తిండి చాలక ఎముక బలహీనపడుతోందన్న సూచన కావచ్చు, వెంటనే డాక్టరుకు చూపించండి.

స్టేజీ జీవితం చాలామందికి ముప్పైల్లోనే ముగుస్తుంది. కానీ రిహార్సల్ డైరెక్టర్, స్టేజ్ మేనేజర్, టూరు చూసే కంపెనీ మేనేజర్, విద్యా కార్యక్రమాల మేనేజర్ ఉద్యోగాలకు మాజీ డాన్సర్లను కోరి తీసుకుంటారు. టీచర్ శిక్షణ ఇచ్చే సంస్థలున్నాయి, 1920లో మొదలైన రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ వాటిలో ఒకటి.

ఈ నెలలోనే చేయగలిగింది ఒకటుంది. ఆమె గురువుగారిని అడిగి, 7–9 ఏళ్ల పిల్లల క్లాసులో వారానికోసారి సహాయకురాలిగా నిలబడనివ్వండి. మొదట్లో పిల్లల పేర్లు గుర్తుంచుకోవడం, వరసలో నిలబెట్టడమే పని. రెండు నెలల తర్వాత 10 నిమిషాల వార్మప్ ఆమె చేతికి ఇవ్వమనండి. ఇంటికొచ్చాక ఏ పిల్ల ఎక్కడ తడబడిందో, ఏం చెబితే సరిపోయిందో ఒక పుస్తకంలో రాసుకోమనండి. రేపు ఆడిషన్‌లో నేర్పిన అనుభవం ఉందా అని అడిగితే, ఆ పుస్తకంలోంచే జవాబు చెప్పగలదు.