లిథువేనియా వెళ్తున్న మా చిన్నికి పెదనాన్న రాసేది

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నీ బెటాలియన్ తొమ్మిది నెలలకు లిథువేనియా వెళ్తోందని, బండ్లూ ట్యాంకులూ ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే పని నీకు అప్పగించారని చెప్పాడు. "మంచిదేరా" అని పెట్టేశాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. నేను వేసుకున్న అమెరికా సైన్యం యూనిఫామే వేసుకుని, నేను చేసిన పనికే నువ్వు వెళ్తున్నావని ఒక పక్క గర్వంగా ఉంది. మీ నాన్న అక్కడి పబ్రాదె ఊరి పేరు ఎత్తగానే మాత్రం గుండె కలుక్కుమంది. ఎందుకో చెప్తాను. ఫోన్లో చెప్తే "సరే పెదనాన్నా, సరే" అని తోసేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. మీ నానమ్మ దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకున్నావు కాబట్టి చదవలేకపోయానని అనకు.

ముందు చిన్న విషయాలు. ఉన్ని సాక్సులు పది జతలు పెట్టుకో. కొత్త బూట్లు ఇక్కడే తొడిగి మెత్తబరుచుకో. సరిహద్దు దాటే ప్రతి లోడుకూ ఫారం 302, అంటే సైన్యం సరుకుకు కస్టమ్స్ కాగితం, ఉండాలి, నకళ్లు నీ సంచిలో ఉండాలి. పోలండ్ పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు, లిథువేనియా పాత పట్టాలవి 1520. సరిహద్దు దగ్గర షెష్టోకై స్టేషన్లో ఈ రెండూ కలుస్తాయి. అక్కడ సరుకు మార్చాల్సి వస్తే ఎంత టైమ్ పడుతుందో ముందే అడిగి ప్లానులో వేసుకో.

ఇక అసలు సంగతి.

1986 జనవరి. దక్షిణ జర్మనీలో రీఫోర్జర్ విన్యాసాలు. యుద్ధం వస్తే అమెరికా నుంచి సైన్యాన్ని ఎంత త్వరగా జర్మనీకి చేర్చగలమో చూసుకోవడానికి 1969 నుంచి చేస్తూ వచ్చిన విన్యాసాలవి. నేను కొత్త లెఫ్టినెంట్‌ని. ట్యాంకుల్ని పొడవాటి ట్రైలర్ల మీద ఎక్కించి పంపడం నా పని. ఆ రోజుల్లో పశ్చిమ జర్మనీ వంతెనల దగ్గర పసుపు గుండ్రటి బోర్డులు ఉండేవి. చక్రాల బండికి ఒక అంకె, గొలుసు పట్టీల మీద నడిచే ట్యాంకుకు ఒక అంకె. నాటో దేశాలన్నీ ఒకే లెక్క పెట్టుకున్నాయి కాబట్టి ఏ దేశం డ్రైవరైనా ఆ అంకె చూసి తన బండి వంతెన ఎక్కవచ్చో లేదో తెలుసుకోవచ్చు.

ముందు రోజు సాయంత్రం ఒక జర్మన్ సార్జెంట్ నా దగ్గరికి వచ్చాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఆ జిల్లాలో ప్రతి వంతెనా, ప్రతి తూమూ చేతి గీతల్లా తెలిసిన మనిషి. వచ్చీరాని ఇంగ్లీషులో, మ్యాప్ మీద ఒక చిన్న వంతెన చూపించి, "మంచు కరుగుతోంది, చుట్టూ తిరిగి వెళ్లండి" అన్నాడు. చుట్టూ తిరిగితే రెండు గంటలు ఆలస్యం. నాకు టెన్షన్. బోర్డు మీద ట్యాంకు బొమ్మ పక్కన అంకె చూశాను, మా ట్యాంకు ముందు రాసిన అంకెతో సరిపోయింది. "థాంక్యూ సార్జెంట్" అని మ్యాప్ మడిచేశాను. ఆయన ఇంకో మాట మాట్లాడలేదు. ఆ మడిచిన చప్పుడు నాకింకా వినిపిస్తుంది చిన్నీ.

నేను మరిచిందేమిటో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ట్యాంకు ఆ వంతెన మీద నడిచి వెళ్లట్లేదు. ట్రైలర్ ఎక్కి వెళ్తోంది. ట్యాంకు బరువు, ట్రైలర్ బరువు, ముందు లాగే బండి బరువు, అన్నీ కలిపి చక్రాల మీద పడతాయి. నేను చూడాల్సింది చక్రాల అంకె. మూడో బండి వంతెన దిగుతుండగా గట్టు అంచు కూలింది. బండి పక్కకి ఒరిగి కాలవలోకి జారింది. డ్రైవర్ కాలు లోపల ఇరుక్కుంది. పందొమ్మిదేళ్ల పిల్లవాడు. అరవలేదు, నా వైపే చూస్తూ ఉండిపోయాడు.

అతన్ని బయటికి తీసింది మేము కాదు. ఆ సార్జెంటే ఊరి ఫైర్ వాళ్లను వెంటబెట్టుకుని దుంగలు, జాకీలు తెచ్చాడు. మూడు గంటలు మోకాటి లోతు చన్నీళ్లలో నిలబడ్డాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కాలు దక్కింది గానీ ఆ అబ్బాయి మళ్లీ సరిగా నడవలేదు. పాడైన పొలానికి రైతుకు పరిహారం వెళ్లింది. 1951లో లండన్‌లో కుదిరిన నాటో బలగాల ఒప్పందంలో దానికీ లెక్క ఉంది, తప్పు పూర్తిగా మనదైతే మనం 75 శాతం, ఆ దేశం 25 శాతం. నా తొందరకు వాళ్ల దేశం కూడా పావు వంతు కట్టింది.

అన్నిటికంటే సిగ్గుపడే విషయం ఇంకొకటుంది. నేను కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ణి. మా నాన్న, అంటే మీ తాతయ్య, వరి మోపుల బండి పొలం గట్టు మీదకు ఎక్కించే ముందు ఎడ్లను ఆపి దిగేవాడు. ములుకోల నేలలో గుచ్చి చూసేవాడు. పక్క పొలం వాడు ఉంటే "ఏరా, నిన్న నీళ్లు పెట్టావా?" అని అడిగేవాడు. నల్లరేగడిలో బండి దిగబడితే ఎడ్ల మెడలు విరుగుతాయని ఆయన భయం. పదేళ్ల వయసులో రోజూ చూసిన పని అది.

పబ్రాదె అంటే ఎందుకు ఉలిక్కిపడ్డానో ఇప్పుడు అర్థమైందా? 2025 మార్చి 25న అక్కడి శిక్షణ మైదానంలో మన సైనికులు నలుగురు, పాడైన ట్యాంకుల్ని లాగే ఎం88 బండితో సహా ఊబిలో మునిగిపోయారు. అరవై టన్నులు దాటిన బండి. పైకి అడవి, చిత్తడి నేల. కింద పీట్ బురద, కుళ్లిన మొక్కలు పేరుకున్న మెత్తటి నేల. బండిని బయటికి తీయడానికి దాదాపు వారం పట్టింది. లిథువేనియా వాళ్లు, పోలండ్ ఇంజనీర్లు, మన నేవీ డైవర్లు రాత్రింబవళ్లు పనిచేశారు. ఆ నలుగురి శవపేటికలు వెళ్తుంటే రాజధాని విల్నియస్ వీధుల్లో వేలమంది నిలబడ్డారు, వాళ్ల అధ్యక్షుడితో సహా. నేను ఇక్కడ టీవీ ముందు కూర్చుని ఏడ్చాను. మీ పెద్దమ్మకు చెప్పలేదు.

అందుకే నిన్ను కాస్త గట్టిగా అంటున్నా, ఏమీ అనుకోకు. కాపాడడానికి వచ్చామన్న ముఖం పెట్టుకుని అక్కడ తిరగకు. 1991 జనవరి 13న సోవియట్ ట్యాంకులు విల్నియస్ టీవీ టవర్ దగ్గర జనం మీదికి వచ్చాయి. ఉత్త చేతులతో నిలబడ్డ వాళ్లలో పద్నాలుగు మంది చనిపోయారు. విదేశీ ట్యాంకు చప్పుడు వాళ్లకు మొదట గుర్తుచేసేది అదే. 2004లో నాటోలో చేరాక వాళ్లు ఊరికే కూర్చోలేదు. అఫ్గానిస్తాన్‌లో ఘోర్ రాష్ట్రపు పునర్నిర్మాణ బృందాన్ని 2005 నుంచి 2013 దాకా నడిపింది ఈ చిన్న దేశమే. నాటో ఒప్పందంలోని ఐదో అధికరణం గురించి, ఒకరి మీద దాడి అందరి మీదా దాడి అనే దాని గురించి, అందరూ మాట్లాడతారు. దానికి ముందు మూడో అధికరణం ఉంది: ఎవరి బలం వాళ్లు పెంచుకుంటూ ఒకరికొకరు సాయపడాలని. నీ రోజువారీ పని మొత్తం అందులోదే. ఏ రోడ్డు మీద ఏ రోజు ఎంత బరువు వెళ్లవచ్చో చెప్పే అధికారం వాళ్లది, నేల వాళ్లది. లిథువేనియాలోనే రుక్లా అనే ఊళ్లో 2017 నుంచి ఉన్న జర్మన్ సైనికులనూ అడుగు. వాళ్లకు అక్కడి చలికాలాలు అలవాటే.

లిథువేనియాలో నిప్పును ఉగ్నిస్ అంటారట, కొడుకును సూనుస్. మన అగ్ని, సూనుడు వినిపించట్లేదూ? థాంక్సుకు "ఆచూ" అంటారు. ఆ ఒక్క మాటా విమానంలోనే నేర్చుకో. మా సార్జెంటుకు వాళ్ల భాషలో ఒక్క కృతజ్ఞత మాట చెప్పడానికి కూడా నాకు ఆ రాత్రి నోరు రాలేదు.

మార్చిలో మంచు కరిగే రోజుల్లో ఫోన్ చేయడం మానకు, మాట్లాడడానికి ఏమీ లేకపోయినా సరే. పబ్రాదె చేరిన మొదటి వారంలోనే నీతో కలిసి పనిచేసే లిథువేనియా ఆఫీసరు పేరు, వాళ్ల ఊరి పేరు నాకు చెప్పు. ఆ పేరు తెలిసేదాకా నాకు నిద్ర ఉండదు.

మీ పెదనాన్న