అమ్మానాన్నలకి ఐర్లండ్ కోటలు చూపించాలంటే

అమ్మానాన్నలు వేసవికి వస్తున్నారు, కోటలు ఎక్కడ మొదలుపెట్టాలి అని డబ్లిన్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. ముందు ఆ కోట ఎవరి నిర్వహణలో ఉందో చూసుకోండి. ఖర్చు దాన్నిబట్టే ఉంటుంది. అందరూ చెప్పే బ్లార్నీ ప్రైవేటువాళ్ళది. ముద్దుపెట్టుకుంటే మాటకారితనం వస్తుందని చెప్పే అక్కడి రాయిని ముద్దుపెట్టుకోవాలంటే వేసవిలో చాంతాడంత క్యూ, వందకు పైగా మెట్లు, చివర వెల్లకిలా పడుకుని తల వెనక్కి వాల్చడం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని అక్కడికి తీసుకెళ్ళొద్దనే అంటాను.

ముఖ్యమైన కోటలు చాలావరకు ఆఫీస్ ఆఫ్ పబ్లిక్ వర్క్స్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్నాయి. వాటిలోకి ప్రవేశమిచ్చే హెరిటేజ్ కార్డ్ మొదటి కోట దగ్గరే తీసుకోండి, ఏడాదిపాటు పనికొస్తుంది. రెండు మూడు కోటలు చూసేవాళ్ళు టికెట్ ధరలతో ఒకసారి లెక్కేసుకోండి.

గోల్కొండ, కొండవీడు చూసిన పెద్దవాళ్ళకి ఇక్కడి కోటలు చిన్నగా అనిపిస్తాయి. అవి కొండని, ఊరిని కలుపుకుని కట్టినవి. ఇక్కడ ఎక్కువగా ఒక ప్రభువు తన కుటుంబాన్ని కాపాడుకోవడానికి కట్టుకున్న రాతి ఇళ్ళు. ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్తే వాళ్ళు ఆసక్తిగా చూస్తారు.

నన్నడిగితే మొదట కాహిర్ చూపించండి. టిప్పరరీ కౌంటీలో, షూర్ నది మధ్య రాతిమీద ఉంటుంది. 1599లో ఇంగ్లండ్ సేనాని ఎసెక్స్ ప్రభువు ఫిరంగులతో ముట్టడించినప్పటి గుండు ఒకటి ఇప్పటికీ గోడలో ఇరుక్కుని కనిపిస్తుంది. 1650లో మరో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ వచ్చినప్పుడు మాత్రం లోపలివాళ్ళు పోరాడకుండా లొంగిపోయారు. అందుకే కోట ఇంత చక్కగా మిగిలింది. గైడ్ ఉంటే వాళ్ళ వెంటే వెళ్ళండి, తలుపు దగ్గర శత్రువుని ఎలా ఆపేవారో చూపిస్తారు. అదే దారిలో పాత చర్చి కట్టడాలున్న క్యాషెల్ గుట్ట కూడా చూడొచ్చు.

కిల్కెన్నీకి డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి రైలుంది. బట్లర్లనే ప్రభువుల వంశం 1391 నుంచి అక్కడి కోటలో ఉండేది. 1935లో సామాన్లు వేలం వేసుకుని వెళ్ళిపోయారు, 1967లో కోటని 50 పౌండ్లకి ఊరివాళ్ళకి ఇచ్చేశారు. లోపల గదులు అలంకరించి ఉంటాయి కాబట్టి అమ్మలకి ఇది బాగా నచ్చుతుంది. చుట్టూ ఉన్న పార్కుకి టికెట్ లేదు.

మీత్ కౌంటీలోని ట్రిమ్ ఐర్లండ్‌లోని నార్మన్ కోటల్లో అతి పెద్దది. అయితే నడి బురుజులోకి గైడ్‌తోనే పంపుతారు, మెట్లు ఇరుకు. అది మీరు, మీ స్నేహితులు వెళ్ళండి.

గొడుగు గాలికి నిలవదు, రెయిన్‌కోట్ వేసుకోండి. చలికాలంలో కొన్ని మూసేస్తారు, ఆఖరి ప్రవేశం కూడా మూసే వేళకి చాలా ముందే ఉంటుంది. వెబ్‌సైట్ చూసి బయల్దేరండి.

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. సముద్రపు అంచున ఉన్న డన్‌లూస్, బెల్‌ఫాస్ట్ దగ్గరి క్యారిక్‌ఫెర్గస్ ఉత్తర ఐర్లండ్‌లో ఉన్నాయి, అంటే బ్రిటన్ కిందకి వస్తాయి. రోడ్డుమీద గేటు ఉండదు, ఎవరూ ఆపరు. అయినా భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి ఐఆర్‌పీ కార్డ్ (ఐర్లండ్ నివాస అనుమతి కార్డ్) చాలదు, బ్రిటన్ వీసా కావాలి. మీ ఉద్యోగం, వీసా పణంగా పెట్టేంత అందం ఏ కోటకీ లేదు. అమ్మానాన్నల ఐర్లండ్ విజిట్ వీసా మీద బీఐవీఎస్ (BIVS, బ్రిటన్-ఐర్లండ్ ఉమ్మడి వీసా పథకం) అని ఉంటే, ముందు ఐర్లండ్‌లో దిగాక వాళ్ళు అటు వెళ్ళొచ్చు. వాళ్ళ స్టిక్కర్ మీద ఆ అక్షరాలు ఉన్నాయో లేదో చూశాకే హోటల్ బుక్ చేయండి.