మడత చాకుకి లాక్ తప్పనిసరా?
కోనసీమలో తోట పనికి జేబులో పెట్టుకునే మడత చాకుకి, తెరిచిన బ్లేడు మడుచుకోకుండా పట్టే లాక్ ఉండాలా? అరటాకు కోయడానికీ, పురికొస తెంపడానికీ అయితే అక్కర్లేదు. పదును మీద పడే బలం బ్లేడును తెరిచే వైపే నెడుతుంది, లోపలి స్ప్రింగు చాలు. ప్రమాదమంతా మొనతో పొడిచేటప్పుడే. కొబ్బరికాయ కన్ను తవ్వుతుంటేనో, రొయ్యల మేత బస్తాలో మొన దించి లాగుతుంటేనో బ్లేడు ఇరుక్కుని మడుచుకుందా, తెగేవి మన వేళ్లే. ఆ పనులకి లాక్ ఉన్నదే కొనండి. ఫ్రాన్స్‌వాళ్ల ఓపినెల్ చాకుల్లో చాలావాటికి 1955 నుంచి తిప్పే రింగు లాక్ ఉంది. నాకు అదే సులువనిపిస్తుంది. అయితే లంక ఇసుక, కొబ్బరి పొట్టు, అరటి పసరు చేరితే ఏ లాకైనా సగమే పడుతుంది. కడిగి, ఆరబెట్టి, చుక్క నూనె వేస్తుండండి.